చేపల లెక్క సరే, పురుగుల మాటేమిటి?

చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చిన చోట మెలికలు తిరిగే పురుగులు కనిపిస్తే రెండు పుకార్లు పుడతాయి. పురుగుల వల్లే చేపలు చచ్చాయని ఒకటి, కుళ్లిన చేపల్లోంచే పురుగులు పుట్టాయని ఇంకొకటి. చాలాసార్లు రెండూ నిజం కావు. ఆ పురుగులు సముద్రపు అడుగున బురదలో కాపురముండేవి. చేపలను చంపిన ఆపదే, అంటే నీటిలో ఆక్సిజన్ కరువే, వాటినీ బయటికి తరిమింది.

అమెరికాలో మిసిసిపి నది కలిసే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఇది బాగా అధ్యయనమైంది. పొలాల ఎరువు నదిలో పడి సముద్రానికి చేరుతుంది. నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుగుకు దిగుతుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. 2017లో అక్కడ సుమారు 22,700 చదరపు కిలోమీటర్ల మేర అడుగునీరు ఇలా నిర్జీవమైంది. ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఈదగలిగిన చేపలు, రొయ్యలు వెళ్లిపోతాయి. పురుగుకు ఆ దారి లేదు. బొరియలోకి నీటిని తోడుకుంటూ, చాలా తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొస్తుంది. 1 మిల్లీగ్రాముకు అటూ ఇటూ పడిపోయాక ఇక ఆగలేక బయటికొచ్చి బురద మీద వాలిపోతుంది. ఆక్సిజన్ దాదాపు సున్నాకు చేరితే అడుగు నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. తెల్లవారుజామున చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి రొయ్యలు పైకి తేలితే భీమవరం రైతు గుండె ఎలా జారిపోతుందో, ఈ దృశ్యమూ అంత భయపెట్టాలి. చెరువుకు పెట్టినట్టు సముద్రానికి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు పెట్టలేం కదా!

అయితే పురుగు కనిపించిన ప్రతిసారీ ఊపిరాడకే అనుకోనక్కర్లేదు. 2019 డిసెంబరులో కాలిఫోర్నియాలోని డ్రేక్స్ బీచ్‌లో వేలాది పురుగులు ఇసుక మీద తేలాయి. అది తుపాను గాలుల పని. సమోవాలో పలోలో పురుగులు ఏటా సంతానోత్పత్తికి పైకొస్తాయి, జనం పట్టుకుని తింటారు. సముద్రం ప్రశాంతంగా ఉండి, పక్కనే చేపలూ చచ్చి ఉంటేనే అనుమానించాలి.

మన దగ్గర హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సాయంతో నాచు విజృంభణను గమనిస్తోంది. ఎంతో విలువైన పని. కానీ ఉపగ్రహానికి కనిపించేది నీటి రంగు, అడుగున ఆక్సిజన్ కాదు. 2019 సెప్టెంబరులో మన్నార్ సింధుశాఖలో నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి కమ్ముకుని నీళ్లు పచ్చబడ్డాయి, చేపలు చచ్చాయి. అలాంటప్పుడు ఏ లోతు వరకు దెబ్బ తగిలిందో చెప్పే సాక్షి బురదలోని పురుగే. ఆ సాక్ష్యం ఎక్కువసేపు నిలవదు. పక్షులు తినేస్తాయి, మిగిలింది తర్వాతి పోటు తుడిచేస్తుంది. కాబట్టి చేపల టన్నులు రాసే నివేదికలోనే పురుగులు బతికున్నాయా, బురద రంగేమిటి, వాసనేమిటి, ఏ వేళకు చూశారు అన్నవీ ఉండాలి.

1971లో ఫ్లోరిడాలోని టాంపా బేలో రెడ్ టైడ్ (విషపు నాచు విజృంభణ) వచ్చి అడుగు జీవుల్లో చాలా రకాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎన్ని పోయాయో, ఏవి ముందు తిరిగొచ్చాయో పరిశోధకులు చెప్పగలిగారంటే, ఆపద రాకముందే వాటిని లెక్కించి పెట్టుకోవడం వల్లే. కాకినాడ, విశాఖ తీరాల బురదనూ ఏడాది పొడవునా అలాగే లెక్కించి, ఆ లెక్కలు మత్స్యకారులకు అందుబాటులో పెట్టాలి.