రష్ మళ్లీ వేదికెక్కితే తప్పేంటి?

డ్రమ్మర్ నీల్ పీర్ట్ లేని రష్ కూడా ఒక రష్షేనా? కెనడాకు చెందిన ఈ రాక్ బ్యాండ్ అభిమానులను వేధిస్తున్న ప్రశ్న ఇది. 2020 జనవరిలో మెదడు క్యాన్సర్‌తో పీర్ట్ కన్నుమూశాక ఇక ఆ బ్యాండ్ లేనట్టేనని అనుకున్నారు. 2025 అక్టోబరులో బ్యాండ్‌లో మిగిలిన ఇద్దరు, గాయకుడు గెడ్డీ లీ, గిటారిస్ట్ అలెక్స్ లైఫ్‌సన్, కొత్త టూర్ ప్రకటించారు. ఇలాంటప్పుడు శవాల మీద పేలాలు ఏరుకుంటున్నారనే వాళ్లు ఎప్పుడూ ఉంటారు.

మేం ఆ మాట అనలేం. అసలు పీర్ట్ కూడా ఒకరి స్థానంలోకి వచ్చినవాడే. రష్ తొలి ఆల్బమ్‌కు డ్రమ్స్ వాయించింది జాన్ రట్సీ. అతను తప్పుకోవడంతో 1974లో, అమెరికా టూర్ రెండు వారాల్లో ఉందనగా పీర్ట్ చేరాడు. డ్రమ్స్‌తో ఆగక పాటలు రాసే పనీ నెత్తికెత్తుకున్నాడు. ఆ తర్వాత రష్ పాటల్లో చాలా వరకు సాహిత్యం అతనిదే. రేపు గెడ్డీ లీ మైకు ముందు పాడబోయేవీ ఎక్కువగా ఆ మాటలే.

లీ, లైఫ్‌సన్ ఇద్దరికీ ఆగడం తెలుసు. 1997లో పీర్ట్ కూతురు కారు ప్రమాదంలో పోయింది. మరుసటి ఏడాది భార్యను క్యాన్సర్ తీసుకుపోయింది. అతను డ్రమ్స్ వదిలేసి మోటార్‌సైకిల్ మీద దేశాలు పట్టుకు తిరిగాడు. మిగిలిన ఇద్దరూ మరో డ్రమ్మర్‌ను పెట్టుకోలేదు. అతను తిరిగొచ్చాకే, 2002లో, కొత్త ఆల్బమ్ వచ్చింది. ఇప్పుడూ అంతే, ఐదేళ్లు గడిచాకే జర్మనీ డ్రమ్మర్ అనికా నిల్లెస్‌ను తీసుకున్నారు. పీర్ట్ రెండో భార్య, వాళ్లిద్దరి కూతురు ఈ టూర్‌కు బహిరంగంగానే మద్దతు పలికారు. ఇంట్లోవాళ్లకు లేని అభ్యంతరం బయటివాళ్లకు ఎందుకు?

అందరిదీ ఒకే దారి కాదు. 1980లో డ్రమ్మర్ జాన్ బోనమ్ పోతే లెడ్ జెప్లిన్ దుకాణం కట్టేసింది. 2007లో అతని కొడుకు జేసన్‌తో లండన్‌లో పూర్తి కచేరీ ఒక్కటి చేసినా, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ టూర్‌కు ఒప్పుకోలేదు. అదే 1980లో గాయకుడు బాన్ స్కాట్‌ను పోగొట్టుకున్న ఏసీ/డీసీ మాత్రం కొన్ని నెలల్లోనే బ్రయాన్ జాన్సన్‌తో కొత్త ఆల్బమ్ తెచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి. వీళ్లలో ఎవరు తప్పు చేశారంటే చెప్పడం కష్టం.

మా పేచీ అంతా పేరుతోనే. తన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ చనిపోయిన చాలా ఏళ్లకు పాల్ రోజర్స్‌తో, ఆ తర్వాత ఆడమ్ లాంబర్ట్‌తో కచేరీలు చేసిన క్వీన్ తన పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి వాళ్ల పేర్లు వేసింది. టికెట్ కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలియాలి కదా! రష్ మాత్రం ఆ పాత పేరుతోనే వస్తోంది. డెబ్బై దాటిన ఇద్దరు పెద్దమనుషుల పక్కన ఆ కష్టమైన పాటలన్నీ రాత్రి తర్వాత రాత్రి మోయాల్సింది నిల్లెస్. ఆమె పేరునూ పోస్టర్ మీద వాళ్ల పేర్లంత పెద్ద అక్షరాల్లో వేయాలి.