ఫార్మాట్ కొట్టేద్దామా అంకుల్?

వైద్యాలన్నిట్లోకీ గొప్పది మా విజయవాడ గవర్నర్‌పేట కంప్యూటర్ వైద్యం. రోగం ఏదైనా మందు ఒకటే. స్క్రీన్ నల్లగా వచ్చిందా, ఫార్మాట్. నీలంగా వచ్చిందా, ఫార్మాట్. మొన్న మా ల్యాప్‌టాప్ విండోస్ గుర్తు చూపించి, చుక్కలు గిరగిరా తిప్పుకుంటూ అక్కడే కూర్చుంది. చంకన పెట్టుకుని బయల్దేరాను.

షాపులో పాతికేళ్లు నిండని కుర్రాడు. మెడలో లింగకాయలా వేలాడే పెన్‌డ్రైవ్. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడగలేదు. పవర్ బటన్ మీద వేలు పెట్టి, నాడి చూసే ఆచారిగారిలా క్షణం కళ్లు మూసుకున్నాడు.

"ఓఎస్ పోయింది అంకుల్, అదే మీ విండోస్. ఫార్మాట్ కొట్టేస్తే అయిపోద్ది."

"మరి లోపల ఫైళ్లు?"

"అవి పోతాయి అంకుల్."

టీలో పంచదార తక్కువైందన్నంత తేలిగ్గా అన్నాడు.

ఇంతటి శాస్త్రాన్ని కంప్యూటర్లకే కట్టేయడం అన్యాయం. బీరువా తాళంచెవి పోతే పట్టుచీరలతో సహా తగలబెట్టేసి కొత్త బీరువా కొనుక్కోవచ్చు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీని గుద్దితే గేట్లు తేలిగ్గా లేవడానికి పెట్టే బరువు దిమ్మెలు, అవే కౌంటర్‌వెయిట్లు, దెబ్బతిన్నాయి. ఇంజినీర్లు పాపం అమాయకులు, కిందామీదా పడి కౌంటర్‌వెయిట్లు మార్చారు. మా కుర్రాణ్ణి పిలిచి ఉంటేనా! గేటు మీద వేలు పెట్టి కళ్లు మూసుకుని, "నది పోయింది అంకుల్, కృష్ణని ఫార్మాట్ కొట్టేసి మహాబలేశ్వరం నుంచి ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేద్దాం" అనేవాడు. మరి డెల్టా? "అది పోతుంది అంకుల్."

విండోస్ లేవకపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. వాచ్‌మన్ నిద్ర లేవకపోతే అపార్ట్‌మెంట్‌లో జనమంతా పోయినట్టా? పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికేది) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దానితోనే మెషీన్ లేపితే చాలాసార్లు ఫైళ్లు చక్కగా కనిపిస్తాయి. లేదా డిస్క్ ఊడదీసి కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలించొచ్చు. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే 48 అంకెల కీ అడుగుతుంది, చాలామందికి అది వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే పడి ఉంటుంది. డిస్క్ టక్ టక్‌మంటుంటే మాత్రం మళ్లీ ఆన్ చేయకుండా రికవరీ వాళ్లకివ్వాలి. ఇవేమీ బ్రహ్మవిద్యలు కావు.

మా వీధిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారున్నారు. కృష్ణ ఒడ్డున పల్లెకారుల మాటలు, వలల పేర్లు, గాలుల పేర్లు పదకొండేళ్లు తిరిగి పోగుచేసి, అను ఫాంట్లలో ఒంటి వేలితో టైపు చేసుకున్నారు. ఆ మాటలు చెప్పినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఇలాంటి షాపులోనే ఒకడు ఫార్మాట్ కొట్టి, ఐదొందలు తీసుకుని, "ఇప్పుడు స్పీడ్ చూడండి మాస్టారూ" అని చేతిలో పెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పాత హార్డ్‌డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ విషయసూచికను చింపేస్తుందే తప్ప పేజీలు అక్కడే ఉంటాయి. ఆ పేజీల మీదే కొత్త విండోస్, దొంగ ఆఫీసు, మాస్టారు జన్మలో ఆడని నాలుగు ఆటలు రుద్దేశాడు. "లోపల ఏమైనా ఉన్నాయా అండీ" అని ఒక్క మాట అడగడానికి నోరు పడిపోయిందా? ఒక మనిషి పదకొండేళ్లు తుడిచేయడానికి నువ్వెవడివిరా? మాస్టారు మాత్రం "నాదే తప్పు, ఇంకో కాపీ పెట్టుకోవాల్సింది" అన్నారు. ఆ మాటకే నాకు ఎక్కువ ఒళ్లు మండింది.

అప్పట్నుంచి మేనల్లుడి చేత చేయించిన ఉబుంటు పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో వేసుకుని తిరుగుతున్నాను. షాపులో అదే గుచ్చాను. కాసేపటికి ఫోల్డర్లన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ అవుతున్నంతసేపూ కుర్రాడు టీ గ్లాసు పట్టుకుని నోరెళ్లబెట్టి చూశాడు. వీడికి జ్ఞానోదయం అవుతోందని నా లోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

కాపీ అయిపోయింది. వాడు గ్లాసు పక్కన పెట్టి, మెడలోంచి లింగకాయ తీశాడు.

"ఫైల్స్ వచ్చేశాయిగా అంకుల్. ఇంక కొట్టేద్దామా?"