సీత పేరు పెడితే సీత కష్టాలేనా?

ఎవరింట్లోనైనా ఆడపిల్ల పుట్టి పేర్ల వెతుకులాట మొదలైతే చాలు, ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చి పడుతుంది. దాని సారాంశం ఇది. సీత అంటే 'చల్లనిది'. ఆ పేరు రామాయణంతోనే పుట్టింది. పెట్టుకున్న పిల్లకి సీత కష్టాలు తప్పవు, అందుకే పెద్దలు పెట్టేవారు కాదు. ఇప్పుడు ఆ పేరే అంతరించిపోయింది. పెట్టి తీరాలంటే న్యూమరాలజీ చూపించుకోవాలి. చివర రెండు దణ్ణం బొమ్మలు. బాలింత ఇంట్లో టెన్షన్ పెట్టడం తప్ప దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ముందు అర్థం సంగతి. చల్లనిది 'శీత'. శీతాకాలంలో ఉండే శకారం అది. తెల్లనిది 'సిత', అక్కడ గుడి మాత్రమే ఉంటుంది. ఈ పేరులో ఉన్నది సకారానికి గుడిదీర్ఘం. సీత అంటే నాగేటి చాలు. 'సీతా లాంగలపద్ధతిః' అని అమరకోశం తేల్చేసింది, అంటే నాగలి నడిచిన దారి. జనకుడు విశ్వామిత్రుడికి చెప్పేదీ ఇదే: పొలం దున్నుతుంటే చాలులో దొరికింది, అందుకే సీత అన్నారు. ఫార్వర్డ్ రాసినవాళ్ళు నిఘంటువు తెరవకపోతే పోనీ, చిన్నప్పుడు విన్న కథైనా గుర్తు తెచ్చుకోవాల్సింది.

ఇక రామాయణంతోనే పుట్టిందన్న మాట. ఋగ్వేదం 4వ మండలం 57వ సూక్తం వ్యవసాయం గురించి. ఎద్దులు సుఖంగా నడవాలి, నాగలి సుఖంగా దున్నాలి అని కోరుకుంటూ నేరుగా చాలునే పిలుస్తుంది: 'అర్వాచీ సుభగే భవ సీతే వందామహే త్వా'. సౌభాగ్యవతీ, మా దగ్గరికి రా, నీకు మొక్కుతున్నాం, మాకు మంచి పంటనివ్వు అని వేడుకోలు. అక్కడ రాముడూ లేడు, లంకా లేదు. బురద, ఎద్దులు, కర్రు, వాటి వెనకాల తెరుచుకునే నేల, అంతే. దురదృష్టపు పేరని మనం బెదిరిపోతున్న ఈ మాట పక్కన వేదం చేర్చిన విశేషణం 'సుభగ' అన్నది నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ రాజు సొంత భూముల సాగు చూసే అధికారి పేరు సీతాధ్యక్షుడు. విత్తనం, వాన, కూలి, కోత అన్నీ ఆయన లెక్కలోకే వస్తాయి.

కష్టాలు తప్పవట. అడవికి వెళ్ళింది ముగ్గురు. రాముడికీ పద్నాలుగేళ్ళే, లక్ష్మణుడికీ పద్నాలుగేళ్ళే. అయినా రామారావు, లక్ష్మణరావు పేర్లకి ఎవరూ అడ్డు చెప్పరు. జైల్లో పుట్టిన కృష్ణుడి పేరైతే ఇంటికొకటి. కష్టం అంటుకునేది ఆడపిల్ల పేరుకేనా? పైగా వాల్మీకి తన కావ్యాన్ని 'సీతాయాశ్చరితం మహత్' అన్నాడు, సీత గొప్ప చరిత్ర అని. వీపు మీద మోసుకెళ్తానన్న హనుమంతుడికి కుదరదని చెప్పి, రాముడే వచ్చి రావణుణ్ణి గెలిచి తీసుకెళ్ళడం సబబన్న మనిషి ఆమె. ఆ సీత ఫార్వర్డులోకి రాదు.

ఒక్కటి ఒప్పుకోవాలి. బీహార్, నేపాల్‌లలో విస్తరించిన మిథిలలో చాలామంది వివాహ పంచమి నాడు ఆడపిల్ల పెళ్ళి చెయ్యరు, సీతారాముల పెళ్ళి జరిగిన రోజని, ఆమె పడ్డ బాధలు గుర్తొచ్చి. కానీ వాళ్ళు తప్పించేది ముహూర్తాన్ని, పేరును కాదు. 1981లో పద్మశ్రీ అందుకున్న, ఆ మిథిలకే చెందిన మధుబని చిత్రకారిణి పేరు సీతాదేవి.

మన పెద్దలు పెట్టేవారు కాదట! మరి ఈ సీతమ్మలు, సీతాలులు, సీతారావమ్మలు, సీతామహాలక్ష్ములు ఎక్కడి నుంచి వచ్చినట్టు? మగవాళ్ళలోనూ సీతాపతులు, సీతారామయ్యలు కోకొల్లలు. కోనసీమలోని లంకల గన్నవరంలో గోదావరి దాటి ఆకలితో వచ్చినవాళ్ళకి వేళ కాని వేళ కూడా పొయ్యి రాజేసి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి (1841–1909) పేరు అక్కడి అక్విడక్టుకు (కాలువను నది మీదుగా దాటించే వంతెనకు) ఉంది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. 2023 డిసెంబరులో తెలంగాణ మంత్రి అయిన దనసరి అనసూయను జనం పిలిచేది సీతక్క అనే. అది అడవిలో, నక్సలైటు ఉద్యమంలో ఉన్నప్పటి పేరు. బయటికొచ్చాకా జనం దాన్ని వదల్లేదు.

అంతరించిపోయిందనడానికి లెక్క ఏది? అమెరికాలో సోషల్ సెక్యూరిటీ శాఖ ఏటా పిల్లల పేర్ల జాబితా వేస్తుంది, మన దగ్గర అలాంటిది లేదు. ఒట్టి సీత అని పెట్టడం ఈమధ్య తగ్గినట్టే అనిపిస్తుంది, నిజమే. వైదేహి, మైథిలి, జానకి, భూమిజ అని పెడుతున్నవాళ్ళు మాత్రం ఉన్నారు. అవీ ఆమె పేర్లే కదా. ఇండోనేషియాలో ఈ పేరు 'సింతా' అయింది. 1999 నుంచి 2001 వరకు ఆ దేశాధ్యక్షుడిగా ఉన్న అబ్దుర్రహ్మాన్ వాహిద్ గారి భార్య పేరు సింతా నూరియా.

న్యూమరాలజీకి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఆ లెక్క ఇంగ్లీషు అక్షరాల మీద. ఎస్-ఐ-టీ-ఏ అని రాస్తే నాలుగు అక్షరాలు, ఎస్-డబుల్ ఈ-టీ-ఏ అంటే ఐదు, మధ్యలో హెచ్ పెడితే ఆరు. ఒకే పిల్లకి స్పెల్లింగుకో జాతకమన్నమాట. తెలుగులో రాస్తే రెండే అక్షరాలు, వాటికి వాళ్ళ దగ్గర లెక్కే లేదు.