ఒక ముహూర్తం, ఇద్దరు పురోహితులు, నా నడుం

మా మేనకోడలు తమిళ అబ్బాయిని చేసుకుంటానంది. చెన్నై వెస్ట్ మాంబళంలో ఇదేమీ వింత కాదు. ముహూర్తం దగ్గరే చిక్కొచ్చింది. మనకు ఆషాఢం కూడదు, వాళ్లకు ఆడి కూడదు. మనది చాంద్రమానం, వాళ్లది సౌరమానం. మన శ్రావణం వచ్చి కూర్చున్నా వాళ్ల ఆడి ఇంకా లేచి వెళ్లదు. చివరికి ఆడి దాటాక వాళ్ల ఆవణి మాసంలో ఒక ఉదయం 6:42కి కుదిరింది. ముందురోజు సాయంత్రమే రిసెప్షన్. తాళి పడకుండానే పక్కపక్కన నిలబెట్టి ఫొటోలేమిటని మా అత్తయ్య ఆ రాత్రి భోంచెయ్యలేదు. ఐస్‌క్రీం మాత్రం తిన్నది.

తెల్లారింది. సరిగ్గా 6:42కి జీలకర్ర బెల్లం నెత్తిన పడాలి, తాళి ఆ తర్వాత చూసుకోవచ్చని మా పురోహితుడు. ఆ నిమిషం తాళిది, జీలకర్ర రసంలోకని వాళ్ల వాధ్యార్. "1953లో మద్రాసు పోయింది, ఇప్పుడు జీలకర్ర బెల్లం కూడానా?" అని మా పెదనాన్న లేచారు. ఒకరు గట్టిమేళం అని అరిస్తే, ఇంకొకరు వద్దంటూ కెట్టిమేళం అని అరిచారు. నాదస్వరం వాళ్లకు రెండూ ఒకటే, వాయించేశారు. అడ్డుతెర పట్టుకున్నవాళ్లు కంగారులో వదిలేశారు. అబ్బాయి కుడిచేత్తో జీలకర్ర బెల్లం అదిమిపెట్టి, ఎడంచేత్తో తాళి అందుకుని, మా అమ్మాయి సాయంతో ఎలాగో ఒక ముడి వేశాడు. మిగతా రెండూ వాళ్ల అక్క వేసింది. వాళ్ల ఆచారమే అదట. మూడు ముళ్లూ మొగుడే వెయ్యాలని మావాళ్ల గొణుగుడు సాంబారు వడ్డించేదాకా ఆగలేదు.

మేనమామను కదా, నా వంతూ ఉంది. మన ప్రకారం పిల్లను గంపలో మోసుకురావాలి. వాళ్ల ప్రకారం దండలు మార్చుకునేటప్పుడు ఎత్తుకోవాలి. రెండు సంస్కృతులూ ఏకగ్రీవంగా నా నడుం మీదే పడ్డాయి.

మరో విషయంలోనూ దుబాసీ అవసరం రాలేదు. "మేమేమీ అడగట్లేదండీ, మీ అమ్మాయికి మీరు చేసుకునేది చేసుకోండి" అన్నారు వాళ్లు. ఆ ఏమీ అడగకపోవడానికి రెండు పేజీల జాబితా. వెండి కంచం పక్కన తూకం కూడా రాశారు! వాళ్లు దాన్ని సీర్ అన్నారు, మావాళ్లు లాంఛనాలన్నారు. జీలకర్ర దగ్గర ప్రాణాలిచ్చేలా లేచిన పెద్దమనుషుల్లో ఒక్కడైనా ఇక్కడ నోరెత్తాడా? పైగా మా పెదనాన్న, "మనవాళ్ల సంబంధమైతే ఇంకెంత గుంజేవాళ్లో, చవగ్గా పోయింది" అన్నారు. చవగ్గానా? పీఎఫ్ మొత్తం ఊడ్చి పెట్టారయ్యా పిల్ల తండ్రి, మా బావగారు! కట్నం నేరమని 1961లోనే చట్టం చేశారు. సిగ్గుండక్కర్లేదా మనకి?

ఈ మాట అక్కడ నేనూ పైకి అనలేదు. గంప మోస్తున్నాను.

మధ్యాహ్నం స్తంభానికి ఆనుకుని కూర్చుంటే బావగారొచ్చి అమృతాంజనం సీసా చేతిలో పెట్టారు. పొద్దుటినుంచి కాఫీ కూడా తాగినట్టు లేరు. మండపం మేనేజర్ వెనకాలే నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, జనరేటర్ బిల్లుకి నీ దగ్గరేమైనా ఉందా?" అన్నారు.