చెంచాడు దుమ్ముతో సోఫాకు శిక్షా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. వాక్యూమ్ క్లీనర్ సంచిలోంచి చెంచాడు దుమ్ము తీసి ల్యాబుకు పంపాలట. మంటలను అడ్డుకునే రసాయనాలు ఉన్నాయని తేలితే సోఫా విషమేనట, దాన్ని పారేసి కొత్తది కొనాలట. ఆ భయంలో కొంత న్యాయముంది. లెక్కే తప్పు.

‘ఉన్నాయని తేలితే’ అంటున్నారు. అక్కడి పాత ఇళ్లలో అవి దొరక్కపోతేనే వింత. కాలిఫోర్నియా 1975లో తెచ్చిన టీబీ 117 ప్రమాణం ప్రకారం సోఫా ఫోము చిన్న మంటను 12 సెకన్లు తట్టుకోవాలి. అందుకోసం కలిపిన పీబీడీఈలు (బ్రోమిన్ ఉన్న, మంటలను అడ్డుకునే రసాయనాల కుటుంబం) ఫోముకు గట్టిగా అంటిపెట్టుకోవు. మెల్లగా బయటికొచ్చి దుమ్ములో చేరతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, ల్యాబులు తమ కొలతలను సరిచూసుకోవడానికి ఇళ్లు, మోటళ్ల వాక్యూమ్ సంచుల దుమ్మునే సీసాల్లో పోసి అమ్మింది (దుమ్ముకూ గిరాకీ ఉంది మరి). అందులో ఆ కుటుంబానికే చెందిన బీడీఈ-209 ఒక్కటే గ్రాముకు సుమారు 2.5 మైక్రోగ్రాములు.

పోనీ, ఎంత ఉందో చూద్దామా? అదీ అంత తేలిక కాదు. సంచిలోని వెంట్రుకలు, ఇసుక, తివాచీ నూలు బరువు తూగుతాయి. అందుకే ముందు జల్లిస్తారు. 150 మైక్రాన్ల జల్లెడ పట్టిన ల్యాబు అంకెను, 500 దగ్గర ఆపిన ల్యాబు అంకెతో పోల్చకూడదు. బీడీఈ-209 వెలుతురుకూ వేడికీ విడిపోతుంది కనుక గోధుమరంగు సీసా వాడాలి, రసాయనాలను వేడిచేసి వేరుచేసే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరికరంలో పొట్టి కాలమ్ (అవి ప్రయాణించే సన్నని గొట్టం) పెట్టాలి. శుభ్రమైన సోడియం సల్ఫేట్ పొడిని అదే పద్ధతిలో వాక్యూముతో పీల్చి పరీక్షిస్తే, పరికరం నుంచే ఏమైనా కలుస్తోందా అన్నది తెలుస్తుంది. ఈ ‘బ్లాంక్’ ఫలితం లేని నివేదికకు నేనైతే డబ్బు కట్టను.

సోఫాయే దోషి అన్నది మరీ తొందరపాటు. బీడీఈ-209 ఎక్కువగా వాడింది టీవీ వెనుక డొప్పల్లాంటి గట్టి ప్లాస్టిక్కుల్లో. ఫోము వైపు వేలు చూపేవి బీడీఈ-47, 99. ఏది దొరికిందో చెప్పకుండా సోఫాను వీధిలో పడేస్తే, అసలు దోషి హాల్లోనే కూర్చుని ఉండవచ్చు.

కొత్తది కొంటే సరి అనడమూ సగం నిజమే. ఫోములో కలిపే పెంటాబీడీఈ (బీడీఈ-47, 99 ఉన్న మిశ్రమం) తయారీ అమెరికాలో 2004 చివర్లో ఆగింది. దాని చోట క్లోరిన్ ఉన్న టీడీసీపీపీ వంటి మంటలను అడ్డుకునే రసాయనాలే వచ్చాయి. రసాయనాలు లేకుండానే నెగ్గగల పరీక్ష, పాత ప్రమాణాన్ని మార్చి తెచ్చిన టీబీ 117-2013తో వచ్చింది. 2015 నుంచి కాలిఫోర్నియాలో అమ్మే సోఫాల లేబుల్ మీద ఈ రసాయనాలు కలిపారో లేదో రాయాలి. కొనేముందు దిండ్లు తిరగేసి అది చదవండి. ఇంట్లో పాకే పాప ఉంటే, అన్నం పెట్టేముందు చేతులు కడగండి. దుమ్ము నోట్లోకి చేరేది ఎక్కువగా ఆ చేతుల నుంచే.