సిరిమాను నాడు కూడా పీహెచ్ 7.2

ఈటీపీ (కార్ఖానా మురుగునీళ్లు శుద్ధిచేసే ప్లాంటు) లాగ్‌బుక్కు ఏ రోజుకారోజు రాస్తే రెండు నిమిషాల పని. నెలకోసారి కూర్చుని రాస్తే నవల.

విజయనగరం పొలిమేరలో ఒక కార్ఖానా అనుకోండి. పొల్యూషన్ బోర్డు వాళ్లు రేపొస్తున్నారని కబురు. అక్టోబరు పేజీ చూస్తే పెళ్లికి సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆపరేటరు టీ గ్లాసు పక్కన పెట్టుకుని మొదలెట్టాడు. పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార గుణం) 7.2, దాని కింద 7.2, ఆ కింద 7.2. అనుమానం రాకూడదని 18న మాత్రం 7.3.

మర్నాడు వచ్చిన అధికారి అడిగాడు: "ఏమయ్యా, నెలంతా ఒకటే అంకె?"

"మన నీల్లు మంచియి సార్, ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి."

నీళ్లు మంచివే కావచ్చు, మీటరు సంగతేమిటి? పీహెచ్ ముందే తెలిసిన 4, 7, 9.2 బఫరు ద్రావణాలతో సరిచూసినట్టు రాయాల్సిన గడి ఖాళీ. 4 బఫరు సీసాలో బూజు పెరిగి ఉంది.

తర్వాత బీఓడీ, అంటే నీళ్లలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినడానికి పట్టే ఆక్సిజన్. మంగళవారం తీసిన శాంపిలు 27 డిగ్రీల ఇంక్యుబేటరులో 3 రోజులుంటే శుక్రవారానికి గానీ ఫలితం రాదు. పుస్తకంలో ఆ సాయంత్రానికే 24 అని వచ్చేసింది. ఒక వరసలోనైతే సీఓడీ (మలినాన్ని రసాయనంతో కాల్చడానికి పట్టే ఆక్సిజన్, బీఓడీ ఇందులో భాగమే) 80, బీఓడీ 95. అంటే కొడుకు తండ్రికన్నా పెద్దవాడు! పైగా ఆ మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. సిరిమాను కోటవైపు కదిలే వేళకి ఊరంతా మూడు లాంతర్ల కూడలి దగ్గరుంటే, మనవాడొక్కడే ట్యాంకు గట్టున శాంపిలు తీస్తున్నట్టు సంతకం ఉంది. భక్తి ఇలా కూడా ఉంటుంది కాబోలు.

పుస్తకం అబద్ధమాడినా కరెంటు మీటరు ఆడదు. ట్యాంకులోకి గాలి ఊదే 7.5 హెచ్‌పీ బ్లోయరు పూర్తి లోడు మీద 24 గంటలు తిరిగితే 134 యూనిట్లు కాలాలి. ఈటీపీ మీటరు రోజుకి 9 తిరిగింది. నీళ్ల శుద్ధికి సున్నం రోజుకి 20 కిలోలు వేశామన్నారు, 30 రోజులకి 600 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు 24. స్టోరు బిల్లులో ఉన్నవి మూడు. ఆ పైన టీ మరక ఎండిపోయాక దాని మీద రాసిన అక్షరాలు కూడా కనబడుతున్నాయి.

ఈ అంకెలన్నీ కూడితేనే కదా వచ్చే సెప్టెంబరు 30లోగా యజమాని సంతకంతో బోర్డుకి వెళ్లాల్సిన ఫారం-5 (ఏడాది పర్యావరణ నివేదిక) తయారయ్యేది. దానికన్నా ఆ పండగనాటి వరసలో "సెలవు, ప్లాంటు ఆపాం" అని రాసుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, సంతకం, తేదీ. వైట్‌నరు మాత్రం సొరుగులో ఉండకపోవడమే మేలు.

అధికారి పేజీ తిప్పి ఆగాడు.

"ఈ రోజు 29. ఇక్కడ 31 దాకా ఉందేమిటి?"

"రేపు, ఎల్లుండి నాకు లీవు సార్."