చేతికి మట్టి అంటకుండా మొక్కను పెంచు విధానము

బడి తెరిచిన నాలుగో రోజే వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ దిగింది. ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న, మన బడులు తెరిచేది 12న, అందుకని పర్యావరణాన్ని ఓ పది రోజులు ఆగమన్నారు. పాపం, ఆగింది. యూకేజీ పిల్లలందరూ ఇంట్లో ఒక మొక్కను పెంచాలి, పది రోజుల పాటు రోజూ ఫోటో పంపాలి. ఇంతవరకూ బాగానే ఉంది. కింద మూడు షరతులు పెట్టారు: పిల్లలు యూనిఫాంలో ఉండాలి, నవ్వుతూ ఉండాలి, 'చేతులకు మట్టి అంటకుండా గ్లౌజులు తొడగాలి'.

ఈ మూడోదాన్ని నేను నాలుగుసార్లు చదివాను. పిల్లాడికి ఈత నేర్పండి గానీ తడవనివ్వకండి అన్నట్టుంది.

నా అర్హతలు కూడా చెప్పుకోవాలి కదా. తెనాలి దగ్గర పల్లెలో పుట్టాను, మా నాన్నది వ్యవసాయం, పొలం వంక చూస్తే మార్కులు తగ్గుతాయని నన్ను మాత్రం ఆ గట్టు ఎక్కనివ్వలేదు. ఈ 36 ఏళ్ళలో నా చేతులతో నేను పెంచిందేదైనా ఉంటే అది నా పొట్టే. మావాడికి ఐదేళ్ళు. సేద్యంలో ఇద్దరి అనుభవమూ ఒకటే, ఉత్సాహంలో వాడు నాకంటే రెండాకులు ఎక్కువ.

చదువుకున్నవాడు ఏం చేస్తాడు? ఆన్‌లైన్‌లో పిల్లల గార్డెనింగ్ కిట్ ఆర్డర్ పెట్టాడు, 899 రూపాయలు. పెరుగులో గుచ్చినా విరిగేంత గట్టి ప్లాస్టిక్ పార, మావాడి రెండు చేతులూ ఒకదాంట్లోనే పట్టే గ్లౌజులు, ఇంకా మూడు విత్తనాల పొట్లాలు: లెట్యూస్, బేసిల్, చెర్రీ టమాటా. మా ఇంట్లో ఈ మూడింటి మొహం ఎవరూ చూడరు. లెట్యూస్ చలికాలం పంట. దాన్ని జూన్‌లో కూకట్‌పల్లి నాలుగో అంతస్తు బాల్కనీలో వేయమని ఏ మహానుభావుడు రాశాడో. బేసిల్ అంటే మన తులసికి పిజ్జాల వైపు చుట్టం. ఇంతకీ పెట్టెలో లేనిది మట్టి. దాని బదులు కొబ్బరి పొట్టు బిళ్ళలు. కోనసీమలో పీచు తీయగా గుట్టలుగా మిగిలిపోయే పొట్టే, కోకోపీట్ అని పేరు మార్చుకుని బిళ్ళలై వచ్చింది. నీళ్ళు పోస్తే పూరీలా పొంగింది, మావాడు చప్పట్లు కొట్టాడు. ఆ పొట్టులో మొక్కకు తిండి దాదాపు ఏమీ ఉండదని, ఎరువు కలుపుకోవాలని మాత్రం పెట్టె మీద ఎక్కడా రాయలేదు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "తొమ్మిదొందలు పెట్టి పొట్టు కొన్నావా?" అని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇంట్లో పోపులపెట్టె లేదట్రా? కుండీలో మన్ను పోసి మెంతులు చల్లు, మూడోరోజుకి మొలుస్తాయి. ధనియాలైతే నలిపి బద్దలు చేసి చల్లు, ఒక్కోదాంట్లో రెండేసి గింజలుంటాయి. కాకపోతే పది రోజులు పడుతుంది, వాడు ఆగలేడు" అంది.

రెండూ చల్లాం. మావాడు ధనియాన్ని అరచేతుల మధ్య పెట్టి నలిపాడు, అది చిట్లగానే ఆగి, చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని, "నాన్నా, చారు" అన్నాడు. గ్లౌజులు సోఫా కింద ఉన్నాయి.

అమ్మ చెప్పినట్టే వాడు ఆగలేదు. మెంతులు చల్లిన గంటకే తవ్వి చూశాడు. రెండో రోజు పొద్దున మళ్ళీ తవ్వాడు, గింజ ఉబ్బి జిగురుగా ఉంది, "జారిపోతోంది నాన్నా, చేపలాగా" అన్నాడు. మూడో రోజుకి తెల్లటి తోక వచ్చింది. ఆ తోక ప్రతిదానికీ వచ్చిందో లేదో చూడాలి కదా, దొరికిన ప్రతి గింజనీ పైకి తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టాడు. కొన్నింటిని తలకిందులుగా పెట్టాడు.

ఇక ఫోటో సంగతి. బస్సు 7:40కి. ఆరున్నరకే ఇస్త్రీ యూనిఫాం తొడిగి, టై కట్టి, సోఫా కింద నుంచి గ్లౌజులు లాగి తొడిగి, వ్యవసాయదారుణ్ణి బాల్కనీలో కూర్చోబెట్టాం. మా ఆవిడ ఫోన్ పట్టుకుంది, నేను వెలుతురు కోసం కర్టెన్ పట్టుకున్నాను. నవ్వమంటే వాడు నవ్వడు, ఎందుకంటే గ్లౌజుతో గింజ పట్టుబడటం లేదు, ఏడుపు వస్తోంది. సరే నీళ్ళు పోస్తున్నట్టు పెట్టు అన్నాం, మొత్తం చెంబు కుమ్మరించాడు. కుండీ అడుగు నుంచి ఎర్రనీళ్ళు కారి కింద మూడో అంతస్తులో ఆరేసిన తెల్ల చొక్కా మీద పడ్డాయి, అది అసోసియేషన్ సెక్రటరీగారి చొక్కా, "సార్! ఎవరండీ పైన!" అని కేక. నేను వంగి సారీ చెబుతుంటే, మా ఆవిడ "నవ్వు నాన్నా, చీజ్ అను" అంటుంటే, వీళ్ళకి ఎలాగూ టైం పడుతుందని పావురం ఒకటి వచ్చి నాలుగు మొలకలు తినేసి పోయింది. చివరికి ఫోటోలో టై బాగా వచ్చింది.

అది పంపి గ్రూపు చూద్దును కదా, మరొక తల్లిగారు 'డే 3' అని బంతిమొక్క పెట్టారు. పువ్వుతో సహా! నర్సరీలో 30 రూపాయలకు దొరికే బంతి. టీచర్‌గారు ఆరు చప్పట్లు కొట్టారు. మాకు వచ్చింది ఒక ప్రశ్న: 'వేర్ ఈజ్ ప్లాంట్?'

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మావాణ్ణి చేర్పించడానికి వెళ్ళినప్పుడు ఆ బడి గేటు పక్కన పెద్ద వేపచెట్టు ఉండేది, కింద ఇంత మట్టి, ఎల్‌కేజీ వాళ్ళు చీమల వరస చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్ళు. పోయిన వేసవి సెలవుల్లో దాన్ని కొట్టేశారు, బస్సులు తిరగడానికి. మిగిలిన నేలంతా ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచారు. మధ్యాహ్నమైతే అది పెనంలా కాలుతుంది, పిల్లల్ని దాని మీదికి వదలరు. ఫీజు రసీదులో మాత్రం 'గ్రీన్ యాక్టివిటీ' 1,500. ఎవర్ని వెక్కిరిస్తున్నారయ్యా? ఉన్న చెట్టు కొట్టింది మీరు, ఉన్న మట్టి కప్పేసింది మీరు, మళ్ళీ ఐదేళ్ళ పిల్లాడికి గ్లౌజు తొడిగి పర్యావరణం నేర్పేదీ మీరేనా? మీకు మొక్క అక్కర్లేదు, బ్రోషర్‌కి బొమ్మ కావాలి. ఆ మాట డబ్బు తీసుకునేటప్పుడే చెప్పండి! చెట్టు పడ్డప్పుడు ఒక్క పేరెంట్ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. బస్సు లోపలిదాకా వస్తే వానలో తడవకుండా ఉంటాడులే అనుకున్నాను.

పదో రోజు ఫలితాలొచ్చాయి. బంతికి ఏ ప్లస్. మావాడికి బి, పక్కన రిమార్కు: 'ఓపిక తక్కువ. మొక్క పొడవు చాలదు.' కుండీలో పావురం దయ వల్ల పదకొండు మెంతిమొక్కలు మిగిలాయి, ఆ పొద్దునే రెండు ధనియాలు కూడా తల ఎత్తాయి. రిమార్కు చదివి వినిపించలేదు. వాడు కుండీ పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు, మోచేతుల దాకా మట్టి.

"నాన్నా, నేను తలకిందులుగా పెట్టినవి కింద అంకుల్ వాళ్ళింట్లోకి వచ్చి ఉంటాయా? వెళ్ళి అడుగుదామా?"